ఒడ్డు చేరువరకు : ఆపద, పరిహారము – శరణుల దృష్టి

ఉపోద్ఘాతము

విశాఖపట్టణమున సముద్రతీరమున జాలరిపేట కలదు. అచ్చటి కుటుంబములు తరతరములుగా వలను, తెప్పను నమ్ముకొని జీవించుచున్నవి. నేడు తెప్పల స్థానమున ఫైబరు పడవలు వచ్చినవి. చేపలరేవున మరబోట్లు నిలిచినవి. కాని చీకటి ఉండగనే పురుషులు కడలిలోనికి పోవుటయు, గంపలతో స్త్రీలు ఒడ్డున ఎదురుచూచుటయు మారలేదు.

ఈ పేటకు ఎగువన, అనతిదూరముననే, 1926లో స్థాపింపబడిన ఆంధ్ర విశ్వవిద్యాలయము కలదు. న్యాయము, ఇంజనీరింగు, రసాయనము, వాతావరణ సముద్ర శాస్త్రములు, అర్థశాస్త్రము, సమాజసేవ మొదలగు విద్యలన్నియు అచ్చట బోధింపబడుచున్నవి. మెట్టపైన శాస్త్రములు, పల్లమున సముద్రమును నమ్ముకొనిన మానవుడు. ఈ రెండింటి నడుమ దూరము కొలది నిమిషముల నడక మాత్రమే. అయినను ఆపద వచ్చిన దినమున ఆ దూరము ఎంత పెద్దదో తెలియుచున్నది.

ఆపద వచ్చినపుడు ఒక్కొక్క శాస్త్రము ఏ విధమైన విరుగుడును చూపుచున్నది? అది ఎంతవరకు చాలుచున్నది? బసవేశ్వరుడును, ఆయన సహచరులగు శరణులును బోధించిన కాయక దాసోహములు దానికి ఏమి చేర్చుచున్నవి? ఈ మూడు ప్రశ్నలే ఈ పాఠమునకు విషయము.

నాలుగు మాటల భేదము

మొదట మాటలను విడదీసి తెలిసికొనవలెను. మునుగుచున్న వానిని పైకి లాగుట రక్షణ. లాగబడిన వాని ఊపిరిని, గాయమును సరిచేయుట చికిత్స. వాడు పోగొట్టుకొనిన దానికి బదులిచ్చుట పరిహారము. వాడు మునిగిన చోటు మరియొకని ముంచకుండునట్లు, వాడు మరల తన పనికి పోవునట్లు చేయుట పునరుద్ధరణ. లోకవ్యవహారమున ఈ నాలుగింటిని కలిపి సహాయమనుచుందురు. కాని ఒకటి జరిగినంత మాత్రమున తక్కినవి జరిగినట్లు కాదు. ఒక్కొక్క శాస్త్రము వీనిలో ఒకదానిని తన పనిగా గ్రహించినది.

వాతావరణ శాస్త్రము : ముందుగా తెలుపుట

రక్షణలో మొదటిది హెచ్చరిక. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేలమంది ప్రాణములు కోల్పోయిరి. ముప్పదియేడు సంవత్సరముల పిమ్మట, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముననే తీరము దాటెను. గాలి వేగము గంటకు సుమారు 180 కిలోమీటర్లు. చెట్లు కూలెను, విద్యుత్తు స్తంభములు నేలకొరిగెను, విమానాశ్రయపు కప్పు ఎగిరిపోయెను. అయినను రాష్ట్రమున మృతుల సంఖ్య పదులలోనే నిలిచెను. రెండు తుపానులు అన్ని విధముల ఒకటి కావు; దివిసీమను ముంచినది ముఖ్యముగా సముద్రపు ఉప్పెన. కాని ఉపగ్రహములు, రాడారు, తుపాను హెచ్చరిక కేంద్రము చూపిన దారిని బట్టి జనులను ముందుగనే తరలించుట ఈ భేదమునకు ప్రధాన కారణములలో ఒకటి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత, 2007లో, హైదరాబాదునందలి సముద్ర సమాచార కేంద్రమున సునామీ హెచ్చరిక వ్యవస్థ కూడ ఏర్పడినది.

ఇది గొప్ప విజయము. కాని వాతావరణ శాస్త్రము అడుగు ప్రశ్న ఒక్కటే: ఆపద ఎప్పుడు, ఎచ్చట వచ్చును? ప్రాణము దక్కినచో దాని ప్రశ్నకు సమాధానము దొరికినట్లే. తుపాను వెడలిన మరునాడు జాలరి ఒడ్డునకు వచ్చి, విరిగిన పడవను, ఇసుకలో కూరుకొనిన వలను చూచినపుడు అతని ప్రశ్న అప్పుడే మొదలగుచున్నది.

రసాయనము, వైద్యము : దేహమును కాపాడుట

అదే నగరమున, జాలరిపేటకు కొన్ని మైళ్ళ దూరమున, ఆర్.ఆర్. వెంకటాపురము కలదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున అచ్చటి ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు తొట్టినుండి స్టైరీన్ ఆవిరి వెలువడి నిద్రించుచున్న జనులపై పడెను. పన్నెండుమంది మరణించిరి; వందలమంది ఆసుపత్రుల పాలైరి.

స్టైరీన్ చల్లగా ఉంచవలసిన ద్రవము. వేడి పెరిగినకొలది దాని అణువులు తమంతట తాము ఒకదానితో నొకటి కలియ నారంభించును. ఆ కలయికలో మరింత వేడి పుట్టును. ఆ వేడి కలయికను మరింత త్వరపెట్టును. దీనిని ఆపుటకు నిరోధక రసాయనము కలుపవలెను. ప్రమాదానంతరము పి.టి.బి.సి. అను నిరోధకమును గుజరాతునుండి విమానమున తెప్పించి తొట్టిలో కలిపిరి. రసాయన శాస్త్రమునకు విరుగుడనగా ఇదియే: చర్యను నిలుపుట, మూలమును చల్లార్చుట.

వైద్యుని చూపు తొట్టిపై కాదు, ఊపిరితిత్తిపై. మొదట రోగిని విషవాయువునుండి దూరముగా కొనిపోవుట, ప్రాణవాయువు నందించుట, కన్నులను చర్మమును కడుగుట, ఎవరికి ముందు చికిత్స అవసరమో విడదీయుట. కింగ్ జార్జి ఆసుపత్రి వైద్యులు ఆ దినమున చేసిన పని ఇదియే. వైద్యమున మరియొక ధర్మము కలదు: రోగిది తప్పా, కాదా యని అడుగకుండుట. తప్పు చేసినవానికిని, తప్పునకు బలియైనవానికిని ఒకే ఔషధము. శాస్త్రములన్నింటిలో దయకు మిక్కిలి సమీపమున నున్న లక్షణమిది. కాని రోగి మంచము దిగి ఇంటికి పోయిన తరువాత, ఆ ఇంటిలో పొయ్యి వెలుగుచున్నదా యని అడుగుట వైద్యుని పుస్తకమున లేదు.

న్యాయశాస్త్రము : బాధ్యుని నిర్ణయించుట

ఆ ప్రశ్నలో కొంత భాగమును న్యాయశాస్త్రము గ్రహించినది. హక్కు కలిగినచోట దానికి భంగము వాటిల్లినపుడు పరిహారమును ఉండితీరవలెనని న్యాయవేత్తల మూలసూత్రము. మన రాజ్యాంగమున 32వ అధికరణము ఈ సూత్రమునే ప్రాథమిక హక్కుగా నిలిపినది.

1984 డిసెంబరున భోపాలునందు విషవాయువు వేలమందిని బలిగొనెను. మరుసటి సంవత్సరము ఢిల్లీలో ఓలియం వాయువు వెలువడెను. ఆ వ్యాజ్యమున 1986లో సర్వోన్నత న్యాయస్థానము, ప్రమాదకర వస్తువులతో వ్యాపారము చేయువాడు తాను జాగ్రత్త వహించితినని చెప్పి తప్పించుకొనరాదని, కలిగిన హానికి సంపూర్ణ బాధ్యత అతనిదే యని తీర్పు చెప్పెను. వెంకటాపుర ఘటన జరిగిన మరునాడే, 2020 మే 8న, జాతీయ హరిత న్యాయమండలి ఆ సంస్థను 50 కోట్ల రూపాయలు ముందుగా జమచేయుమని ఆదేశించుటకు మూలము ఈ సిద్ధాంతమే. మృతుల కుటుంబములకు ఒక్కొక్క కోటి రూపాయల సహాయమును రాష్ట్ర ప్రభుత్వము ప్రకటించెను.

న్యాయశాస్త్రపు బలము ఏమనగా, అది పరిహారమును భిక్షగా కాక హక్కుగా చూచును. దాని పరిమితి ఏమనగా, అది మొదట బాధ్యుని వెదకును. బాధ్యుడు దొరకనిచోట, అనగా తుపానులో, కడలిపోటులో, దాని స్వరము తగ్గిపోవును. అంతేకాక తన హక్కును పత్రముతో చూపగలవానికే న్యాయస్థానపు తలుపు సులభముగా తెరచుకొనును.

ఇంజనీరింగు, మత్స్యశాస్త్రము : చోటును బాగుచేయుట

మానవునికి కలిగిన హాని ఒకటి, అతడు నిలిచిన నేలకును నీటికిని కలిగిన హాని మరియొకటి. విశాఖ తీరమున సంవత్సరములో అధిక భాగము సముద్రము ఇసుకను దక్షిణమునుండి ఉత్తరమునకు త్రోయుచుండును. 1933లో నౌకాశ్రయము ప్రారంభమైన కాలమున రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డుగోడగా నిలిపిరి. 1976లో బాహ్య నౌకాశ్రయము వచ్చినపుడు పెద్ద అడ్డుగోడలు వెలసినవి. ఓడలకు నీడ దొరికెను. కాని ఉత్తరమునకు పోవలసిన ఇసుక దక్షిణముననే ఆగిపోవుటచే ఉత్తరపు ఒడ్డు కోతకు గురియయ్యెను. పడవలను లాగి నిలుపుకొను ఇసుకతిన్నెయే జాలరికి రేవు. తీరము కోసుకొనిపోయినచో అతని వాకిలి పోయినట్లే.

దీనికి ఇంజనీర్లు చూపిన విరుగుడు, ఆగిన ఇసుకను త్రవ్వి తీసి ఉత్తరపు తీరమున మరల పోయుట. ఇది ఒకసారి చేసి మరచిపోవు పని కాదు. గోడ ఉన్నంతకాలము చేయుచునే ఉండవలెను. ఒకరి మేలుకై కట్టినది మరియొకరికి కీడైనపుడు, ఆ కీడును తీర్చు భారము మేలుపొందినవారిపై నిత్యముగా ఉండునని ఈ ఇసుక బోధించుచున్నది.

మత్స్యశాస్త్రము మరియొక మార్గమును చూపుచున్నది. తూర్పుతీరమున ఏప్రిలు 15 నుండి జూను 14 వరకు 61 దినములు మరబోట్ల వేట నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టు ఋతువున సముద్రమునకు విశ్రాంతి నిచ్చుటయే ఇచ్చట చికిత్స. కొన్నింటికి ఔషధముకంటె పనిచేయకుండుటయే మందు. కాని కడలి విశ్రమించు దినములలో జాలరి కడుపు విశ్రమింపదు. అందుచేతనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ కాలపు భృతిని 2019లో కుటుంబమునకు 10,000 రూపాయలుగను, 2025లో 20,000 రూపాయలుగను చేసెను. ఒక శాస్త్రము చేసిన చికిత్స వలన కలిగిన లోటును మరియొక శాస్త్రము పూరింపవలసి వచ్చినది.

అర్థశాస్త్రము : విలువ కట్టుట

2023 నవంబరు 19వ తేదీ రాత్రి విశాఖ చేపలరేవున అగ్ని రగుల్కొనెను. బోట్లలో డీజిలు, వంటగ్యాసు సిలిండర్లు ఉండుటచేతను, బోట్లు ఒకదాని ప్రక్కన ఒకటి కట్టివేయబడి ఉండుటచేతను మంటలు త్వరగా వ్యాపించెను. తెల్లవారునప్పటికి ముప్పదికి పైగా బోట్లు దగ్ధమయ్యెను. బోటు విలువలో 80 శాతమును పరిహారముగా ఇత్తుమని ప్రభుత్వము ప్రకటించెను.

అర్థశాస్త్రము నష్టమును లెక్కకు తెచ్చును. లెక్క లేనిచో సహాయము బలవంతుల వైపునకు పోవును గనుక ఇది అవసరమైన సేవయే. కాని బోటు విలువలో 80 శాతమనునది బోటునకు సంబంధించిన లెక్క. ఒక బోటుపై సరంగు, అతనితో కలాసీలు పోవుదురు. వారిలో పలువురికి బోటు సొంతము కాదు. వేటలో వచ్చిన వాటాయే జీవనము. ఆ బోటునకు మంచు మోయువారు, వల అల్లువారు, చేపను గంపకెత్తుకొని వీథివీథి తిరిగి అమ్ము స్త్రీలు వేరుగా ఉన్నారు. బోటు కాలినపుడు వీరందరి పొయ్యియు ఆరును. వీరి నష్టమును వేరుగా వెదకినగాని కనబడదు.

ఇట్టి కలాసీ నొకనిని మనస్సున నిలుపుకొని చూడవచ్చును. ఆ రాత్రి అతడు బోటుపై లేడు గనుక వైద్యునికి అతడు రోగి కాడు. బోటు అతనిది కాదు గనుక న్యాయవాదికి అతడు వాది కాడు. తుపాను కాదు గనుక హెచ్చరికకు ఇందు పనిలేదు. తీరము చెక్కుచెదరలేదు గనుక ఇంజనీరునకు పనిలేదు. ప్రతి శాస్త్రమును తన ప్రశ్నకు సమాధానము చెప్పి తృప్తి చెందినది. కలాసీ మాత్రము మరునాడు చేతులు ముడుచుకొని రేవున కూర్చున్నాడు. ఏ శాస్త్రమును అతనికి ద్రోహము చేయలేదు. ఏ శాస్త్రమును అతనిని చూడలేదు.

శరణుల కొలత

ఈ చోటనే శరణుల బోధ ప్రవేశించుచున్నది. పన్నెండవ శతాబ్దమున కల్యాణపట్టణమున అనుభవమంటపమునకు చేరిన శరణులలో అంబిగర చౌడయ్య యనువాడు ఓడ నడుపువాడు. నీటిపై బ్రతుకు వెళ్ళదీయు కాయకమువాడు పండితులతో సమానముగా కూర్చుండి నిర్మొగమాటముగా పలికెను. ఓడవాని వృత్తిలో ఒక నియమము కలదు: సగము నదిని దాటించుట యను పని అతనికి లేదు. మూడువంతులు దాటించి దింపినచో అది ముంచుటయే. ఒడ్డు చేర్చిననే దాటించినట్లు. ఆపన్నునికి చేయు సహాయమునకును కొలత ఇదియే. ఒక్కొక్క శాస్త్రము నదిలో ఒక్కొక్క భాగమును దాటించుచున్నది. ఒడ్డు చేరువరకు తోడుండువాడు కావలెను.

ఆ ఒడ్డు ఏది? శరణుల మతమున కాయకమే కైలాసము. కావున కాయకము పోయినవానికి ధనమిచ్చుట మాత్రమే చాలదు. అతడు తన కాయకమునకు తిరిగి చేరినపుడే ఒడ్డు చేరినట్లు. జాలరి మరల వల పట్టిననాడు, గంప మరల తల కెక్కిననాడు పరిహారము పూర్ణమగును. అందాక ఇచ్చినదంతయు నడుమ మజిలీ యగును.

శాస్త్రములను శరణులు నిరాకరింపలేదని కూడ గ్రహింపవలెను. వైద్య సంగణ్ణ వైద్యవృత్తినే కాయకముగా స్వీకరించిన శరణుడు. సొన్నలిగె సిద్ధరాముడు చెరువు త్రవ్వించి ప్రజలకు నీరిచ్చెను. అల్లమప్రభువు అతనికి బోధించినది చెరువు మానుమని కాదు, చెరువు కట్టించితినను అహంకారమును విడువుమని. బసవేశ్వరుడు స్వయముగా బిజ్జలుని భండారమును నిర్వహించినవాడు. ప్రజాధనమును శరణులకు దోచిపెట్టుచున్నాడను నింద వచ్చినపుడు లెక్క సరిగా నిలిచెనను కథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున తెలుగువారికి అందించెను. లెక్క తెలిసిన చేతితో దాసోహము చేయవలెను. లెక్క లేని దయ ఎక్కువకాలము నిలువదు.

దాసోహమునకును దానమునకును గల భేదము ఇచ్చట స్మరణీయము. దానమున ఇచ్చువాడు పైన, పుచ్చుకొనువాడు క్రింద. దాసోహమున ఇచ్చువాడు తన్ను సేవకునిగా భావించును. ఇక పుచ్చుకొను వైపున ఆయ్దక్కి లక్కమ్మ చరిత్రము చూడవలెను. ఆమె భర్త మారయ్య రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుటయే కాయకముగా గలవాడు. ఒకనాడు అలవాటునకు మించి తెచ్చినపుడు, అవసరమునకు మించినది మనది కాదని ఆమె తిరిగి పంపించెను. ఆపద వచ్చినచోట సహాయము పంచునపుడు ఈ పాఠము మిక్కిలి ఉపయోగించును. ఒకే ఇంటికి రెండుసార్లు చేరిన మూట, ప్రక్క ఇంటికి చేరని మూటయే.

ఒక సందేహము

లింగాయతులలో కొందరికి ఒక సందేహము కలుగవచ్చును. ప్రాణిహింస తగదని బోధించు సమాజము, చేపలు పట్టి జీవించువారి కాయకమును నిలుపుటకు తోడ్పడవచ్చునా?

దీనికి సమాధానము తేలికగా చెప్పరాదు. కాని తప్పించుకొనను రాదు. అహింస శరణుల వ్రతము. ఆ వ్రతమును ఎవరి ఇంట వారు పాటింపవలసినదే. కాని బసవేశ్వరుని బోధలో దయకు ప్రథమస్థానము. మునుగువాని వృత్తిని విచారించి చేయి చాపుట దయ కాదు, పరీక్ష యగును. మాదార చెన్నయ్యను, హరళయ్యను, అంబిగర చౌడయ్యను తమవారిగా భావించిన శరణులు, లోకము దూరముగా ఉంచిన వృత్తులవారి వాకిటికి తామే నడచి పోయిరి. వైద్యుడు రోగిని విచారింపక చికిత్స చేయుచున్నాడే! శరణుడు వైద్యునికంటె వెనుకబడుట తగునా? అంతేకాక సముద్రమునకు 61 దినముల విశ్రాంతి నిచ్చు నియమమును గౌరవించి ఆ దినములలో జాలరి కుటుంబమునకు తోడ్పడుట, ప్రాణులయెడలను మానవులయెడలను ఏకకాలమున దయ చూపుట యగును.

మఠములు, కుటుంబములు చేయదగినవి

మొదటిది, ఆపద వచ్చిన పదియవ దినమున పోవుట. మొదటి మూడు దినములలో అన్నపు పొట్లములు అందరును తెత్తురు. పదియవ దినమున ఎవరును రారు. అప్పుడే వల కొనుటకు, పిల్లల బడి సామగ్రికి లోటు తెలియును.

రెండవది, పట్టికలో పేరు లేనివానిని వెదకుట. వాటాపై పనిచేయు కలాసీ, వితంతువై చేపలమ్ముకొను స్త్రీ, అద్దె ఇంటిలో నుండువాడు తమంతట తాము ముందుకు రారు. వారి గుర్తింపు పత్రములు, బ్యాంకు పుస్తకములు సరిచేయుటలో చదువుకొనిన యువకుడొకడు ఒక దినము వెచ్చించినను అది మూటెడు బియ్యముకంటె ఎక్కువ మేలు చేయును.

మూడవది, శాస్త్రజ్ఞుల మాటను జనులకు చేరవేయుట. తుపాను హెచ్చరిక వచ్చినపుడు మఠపు తలుపులు కులభేదము లేక తెరచి ఉంచుట దాసోహములో భాగమే.

నాలుగవది, లెక్క వ్రాయుట. సేకరించినదియు, ఇచ్చినదియు అందరికిని కనబడునట్లు ఉంచవలెను.

సారాంశము

వాతావరణ శాస్త్రము ఆపద ఎప్పుడని అడుగును. వైద్యము దేహమున ఏమి చెడినదని అడుగును. రసాయనము మూలమేదని, న్యాయము బాధ్యుడెవ్వడని, ఇంజనీరింగు చోటును ఎట్లు నిలుపవలెనని, అర్థశాస్త్రము విలువ ఎంతయని అడుగును. ఈ ప్రశ్నలన్నియు అవసరములే. ఏ ఒక్కటి లోపించినను ప్రాణములు పోవును. శరణుడు వీని తరువాత మరియొక ప్రశ్న అడుగును: ఇంకను ఒడ్డు చేరనివాడెవ్వడు? ఆ ప్రశ్న అడుగువాడు ఊరికొక్కడు ఉన్నను, శాస్త్రముల శ్రమ సఫలమగును.

మననమునకు ప్రశ్నలు

1. రక్షణ, చికిత్స, పరిహారము, పునరుద్ధరణ – వీనికి గల భేదమును మీ ఊరిలో జరిగిన ఒక ఘటనతో వివరింపుడు.

2. ఒకరి మేలుకై చేసిన పని మరియొకరికి కీడైనపుడు బాధ్యత ఎవరిది? విశాఖ తీరపు ఇసుకను దృష్టాంతముగా గైకొని చర్చింపుడు.

3. దానమునకును దాసోహమునకును భేదమేమి? లక్కమ్మ చరిత్రము పుచ్చుకొనువానికి మాత్రమే పాఠమా, పంచువానికి కూడనా?

4. మీ మఠపు పరిసరములలో ఏ పట్టికలోను పేరు లేనివారు ఎవరు? వచ్చు సంచికలోపల అట్టివారి నొక్కరినైనను కలిసికొనుడు.

శరణు శరణార్థి.